టాబ్‌తో సరిపోతుందా? లాప్‌టాప్ అయితే ఏ కంపెనీది?

2025 మార్చిలో యాపిల్ తన మామూలు ఐప్యాడ్‌ను ఏ16 చిప్‌తో మన దేశంలోకి తెచ్చినప్పుడు ప్రకటించిన ధర రూ.34,900. ఆ డబ్బుకే దొరికే విండోస్ లాప్‌టాప్ పక్కన పెడితే ఎవరి కన్నయినా ఐప్యాడ్ మీదికే పోతుంది. స్క్రీన్ వెలుగు దాదాపు రెట్టింపు, బరువు అర కిలోకి లోపే, ఫ్యాన్ చప్పుడు ఉండదు, ముట్టుకోగానే లేస్తుంది. కానీ ఆ ధరలో కీబోర్డు లేదు, పెన్ను లేదు. యాపిల్ సొంత కీబోర్డు ఫోలియో మార్కెట్లోకి వచ్చినప్పుడు రూ.24,900, యూఎస్‌బీ-సీ పెన్సిల్ రూ.7,900. మూడూ కలిపితే రూ.67,700. ఆ ఏడాది అంత డబ్బుకి 16 జీబీ ర్యామ్ (పని నడిచేటప్పుడు వాడే మెమరీ), 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే స్టోరేజీ) ఉన్న మంచి లాప్‌టాప్ వచ్చేది. దానికి కీబోర్డు ఎలాగూ ఉంటుంది.

కాబట్టి పోలిక మొదలుపెట్టాల్సింది డబ్బా మీది ధర దగ్గర కాదు, పని చేసుకోవడానికి సిద్ధమయ్యాక అయ్యే మొత్తం దగ్గర. రెండు మూడు వేల బ్లూటూత్ కీబోర్డుతో సరిపెట్టుకోవచ్చు కదా అంటే, సరిపెట్టుకోవచ్చు. కాకపోతే దానికి వేరే చార్జింగ్ పెట్టాలి, కాసేపు వదిలేస్తే నిద్రలోకి పోయి మొదటి రెండు మూడు అక్షరాలు మింగేస్తుంది, ఒడిలో పెట్టుకుని టైప్ చేయబోతే టాబ్ వెనక్కి పడిపోతుంది. ఉత్తరాలూ మెయిళ్లూ రాసుకునేవారికి ఇది చాలు. రోజుకు నాలుగు గంటలు టైప్ చేసేవారికి చాలదు.

పెన్ను విషయంలో ఇంకో మెలిక ఉంది. రూ.7,900 పెన్సిల్‌కి ఒత్తిడిని గుర్తించే గుణం లేదు. నోట్సు రాసుకోవడానికి, పీడీఎఫ్ మీద గీతలు పెట్టుకోవడానికి బాగానే ఉంటుంది. బొమ్మలు వేసేవారు గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా గీత ఒకే మందంతో పడుతుంది. మొదటి తరం పెన్సిల్‌కి ఆ గుణం ఉంది గానీ యూఎస్‌బీ-సీ ఐప్యాడ్‌తో చార్జ్ చేయాలంటే అడాప్టరు తగిలించుకోవాలి. పైగా నెలల తరబడి వాడకుండా పడేస్తే అందులోని బుల్లి బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయి మళ్లీ లేవకపోవచ్చు. శాంసంగ్ ఎస్ సిరీస్, ఎఫ్ఈ టాబ్‌లతో పెన్ను డబ్బాలోనే వస్తుంది. గీయడానికి ఆ పెన్నుకు బ్యాటరీ అక్కర్లేదు, స్క్రీన్ కింద ఉండే పలక నుంచే శక్తి తీసుకుంటుంది. పెన్ను కోసమే టాబ్ కొంటున్నవారు లెక్కలో వేసుకోవాల్సిన తేడా ఇది.

టాబ్ దగ్గర ఆగిపోయే పనులు

టాబ్‌ల మీద పాత ఫిర్యాదు వేగం లేదని. ఇప్పుడా మాట చెల్లదు. ఎం సిరీస్ చిప్ ఉన్న ఐప్యాడ్ ఎయిర్, ప్రో లోపల ఉన్నది మ్యాక్‌బుక్‌లో ఉండే చిప్పే. అయినా పని ఆగిపోతుంది. ఎందుకంటే ఆ పనికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ గానీ, దానికి తగిలించాల్సిన వస్తువు గానీ విండోస్‌ను తప్ప వేరేదాన్ని గుర్తించదు.

తెలుగు ఊళ్లలో ఏ డీటీపీ సెంటరుకు వెళ్లినా కనిపించేది తెలుగు టైపింగ్‌కు అను స్క్రిప్ట్ మేనేజర్, పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్. పెళ్లి శుభలేఖ నుంచి చిన్న పత్రికల దాకా ఎన్నో వాటిలోనే తయారవుతాయి. అవి విండోస్ ప్రోగ్రాములు. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని పరికరాలూ చదవగలిగే అక్షరాల ప్రమాణం) కావు గనక ఆ ఫైలు టాబ్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లిష్ గుర్తుల కుప్ప కనిపిస్తుంది. అకౌంట్ల వారికి టాలీ ప్రైమ్ కూడా అంతే, విండోస్ కావాలి. టెండర్లు వేసేవారు, జీఎస్టీ రిటర్నులకు డిజిటల్ సంతకం పెట్టేవారు వాడే యూఎస్‌బీ టోకెన్‌కి డ్రైవరు (ఆ వస్తువును కంప్యూటర్ గుర్తుపట్టేలా చేసే సాఫ్ట్‌వేర్), సంతకం చేసే చిన్న ప్రోగ్రాము కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయాలి. ఐప్యాడ్‌కి ఆ టోకెన్ గుచ్చినా ఏమీ జరగదు.

ప్రింటరు సంగతి చాలామందికి కొన్నాకే తెలుస్తుంది. మన దగ్గర జెరాక్స్ షాపుల్లో, చిన్న ఆఫీసుల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న కానన్ ఎల్‌బీపీ2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటివి వైఫై లేని ప్రింటర్లు. పేజీని కంప్యూటర్‌లోని డ్రైవరు తయారుచేసి పంపితేనే అవి ముద్రిస్తాయి. టాబ్‌కి కేబుల్‌తో కలిపినా లాభం లేదు. టాబ్ నుంచి నేరుగా ప్రింట్ కావాలంటే ఐప్యాడ్‌కి ఎయిర్‌ప్రింట్, ఆండ్రాయిడ్‌కి మోప్రియా అని రాసి ఉన్న వైఫై ప్రింటరు ఉండాలి.

ఐప్యాడ్‌లో ఎక్సెల్ ఉంది, బాగుంటుంది కూడా. కానీ మ్యాక్రోలు, అంటే షీటులోనే రాసిపెట్టే చిన్న ప్రోగ్రాములు, నడవవు. ఆఫీసులో ఎవరో రాసిపెట్టిన జీతాల షీటులో బటన్ నొక్కితే లెక్క తేలేలా ఉంటే, టాబ్‌లో ఆ బటన్ బొమ్మే. 10.1 అంగుళాలకు మించిన స్క్రీన్ మీద మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఆప్‌లలో ఫైళ్లు దిద్దాలంటే 365 చందా కట్టాలన్న నిబంధనా ఉంది. ఫోన్‌లో ఉచితంగా చేసిన పని 11 అంగుళాల టాబ్‌లో డబ్బడిగేది ఇందుకే.

బీటెక్ మొదటి ఏడాదిలో చేరే పిల్లలకు టాబ్ కొనిపెట్టే తల్లిదండ్రులు ఆగి ఆలోచించాలి. ఇంజినీరింగ్ డిజైన్‌కు వాడే సాలిడ్‌వర్క్స్, రెవిట్, స్టాడ్ ప్రో విండోస్‌లోనే నడుస్తాయి. కోడ్ రాయడానికి వాడే ఆండ్రాయిడ్ స్టూడియో, విజువల్ స్టూడియో కోడ్ లాంటివి ఐప్యాడ్‌లో ఇన్‌స్టాల్ కావు. మెకానికల్, సివిల్ వాళ్లకైతే మ్యాక్ కూడా ఇబ్బందే. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు మ్యాక్ హాయి.

చిన్నదే అయినా ఇంకొకటి: సిమ్ లేని టాబ్‌లో యూపీఐ ఆప్‌లు నమోదు కావు. బ్యాంకుకు లింకయిన నంబరు నుంచి అదే పరికరంలోంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలి గనక. వైఫై ఐప్యాడ్‌లలో జీపీఎస్ కూడా ఉండదు, అది సెల్యులర్ మోడళ్లలోనే.

టాబ్ నెగ్గే పనులు

చదవడం, చూడటం, చేత్తో రాయడం. ఈ మూడింటిలో లాప్‌టాప్ టాబ్ దరిదాపులకు రాదు. పోటీ పరీక్షల మెటీరియల్ అంతా ఏ4 పీడీఎఫ్‌లలోనే ఉంటుంది. ఏ4 కాగితం పొడవు వెడల్పుల నిష్పత్తి 1.41. ఏ16 ఐప్యాడ్ స్క్రీన్ 2360 × 1640, అంటే 1.44. నిలువుగా పట్టుకుంటే పేజీ దాదాపు అంచు నుంచి అంచుకు సరిపోతుంది. ఆండ్రాయిడ్ టాబ్‌లు ఎక్కువగా 16:10 కొలతలో ఉంటాయి. వాటిలో పేజీకి పైనా కిందా ఖాళీ మిగిలి అక్షరం చిన్నదవుతుంది, సినిమాకు మాత్రం ఆ కొలతే నయం. 15.6 అంగుళాల లాప్‌టాప్‌లో అదే పేజీని సగం సగంగా జరుపుకుంటూ చదవాలి.

ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే మాస్టార్లకు, పిల్లల సందేహాలు రాసి చూపించాల్సినవారికి పెన్ను ఉన్న టాబ్‌ను మించింది లేదు. ఊళ్లో ఒంటరిగా ఉంటూ డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లలతో వీడియో కాల్ మాట్లాడుకునే పెద్దవాళ్లకూ అంతే. పెద్ద స్క్రీన్, గట్టి శబ్దం, నేర్చుకోవాల్సింది ఒక్క బటన్. ఇలాంటివారికి కొనేటప్పుడు ముందు కెమెరా పొడవైపు అంచున ఉందో లేదో చూడాలి. స్టాండుకు అడ్డంగా ఆనించినప్పుడు కెమెరా పక్కకు పోతే, మాట్లాడుతున్న మనిషి ఎటో చూస్తున్నట్టు కనిపిస్తారు. ఐప్యాడ్‌లో పదో తరం నుంచి ఇది సరిచేశారు.

ఒకే రకం పాఠాలు అందరికీ ఒకేలా చేర్చాలన్నప్పుడు కూడా టాబ్ అనువైనదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు బైజూస్ పాఠాలతో శాంసంగ్ టాబ్‌లు ఇచ్చింది. దానికి పదకొండేళ్ల ముందే, 2011 అక్టోబరులో, కేంద్రం విడుదల చేసిన ఆకాశ్ టాబ్‌ను కూర్చింది హైదరాబాద్‌లోనే. ఏడంగుళాల స్క్రీన్, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 2100 ఎంఏహెచ్ బ్యాటరీ. దాని స్క్రీన్ రెసిస్టివ్ రకం, వేలు తాకితే చాలదు, నొక్కాలి. చౌక ధరే దాని ఆకర్షణ, వాడకంలో దాన్ని ముంచింది కూడా ఆ చౌక భాగాలే.

చౌక టాబ్‌లు ఈ రోజుకీ అలాగే దెబ్బతింటాయి, భాగాలు మాత్రం మారాయి. మొదటిది ర్యామ్. 4 జీబీ ఉన్న ఆండ్రాయిడ్ టాబ్‌లో క్లాసు వీడియో నుంచి పీడీఎఫ్‌కి వెళ్లి తిరిగొస్తే వీడియో మళ్లీ మొదటి నుంచి లోడవుతుంది. కనీసం 6, వీలైతే 8 జీబీ ఉండాలి. ‘వర్చువల్ ర్యామ్’ అని డబ్బా మీద కలిపి రాసే అంకెను పట్టించుకోనక్కర్లేదు, అది స్టోరేజీలో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడటమే. రెండోది ఆ స్టోరేజీ. ఈఎంఎంసీ అనే చౌక రకం ఉంటే కొత్తలో బాగానే ఉండి, సగం నిండాక నత్తనడకలోకి వస్తుంది. యూఎఫ్ఎస్ అనే వేగమైన రకం ఉండాలి. మూడోది వైడ్‌వైన్. ఇది సినిమా ఆప్‌లు వాడే తాళం. ఎల్1 స్థాయి లేకుండా ఎల్3 ఉంటే స్క్రీన్ ఎంత మంచిదైనా చాలా ఓటీటీల్లో బొమ్మ 480పీ అనే తక్కువ స్పష్టత దగ్గరే ఆగుతుంది. డీఆర్ఎం ఇన్ఫో లాంటి ఉచిత ఆప్ వేసి షాపులోనే చూసుకోవచ్చు.

ఆండ్రాయిడా, ఐప్యాడా అన్న చర్చలో ఎక్కువమంది వదిలేసేది అప్‌డేట్ల ఆయుష్షు. 2019లో వచ్చిన ఏడో తరం ఐప్యాడ్‌కు 2024లో వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ 18 కూడా అందింది. శాంసంగ్ తన ఖరీదైన టాబ్ ఎస్10 సిరీస్‌కు ఏడేళ్ల హామీ ఇచ్చింది గానీ, ఆ కాలపు చౌక ‘ఏ (A)’ సిరీస్ టాబ్‌లకు అంత లేదు. పేరు తెలియని కంపెనీ టాబ్‌కు ఒక్క అప్‌డేట్ వచ్చినా గొప్పే, నాలుగేళ్ల తరవాత అందులో బ్యాంకు ఆప్ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. మెమరీ కార్డు పెట్టుకోవడం, పెన్‌డ్రైవ్‌లోంచి ఫైళ్లు ఎటుపడితే అటు కాపీ చేసుకోవడం లాంటి స్వేచ్ఛ కావాలంటే ఆండ్రాయిడే సుఖం. శాంసంగ్‌లో డెక్స్ అనే ఏర్పాటుతో విండోలు విడివిడిగా తెరుచుకుంటాయి. ఐప్యాడ్‌లో ఆ తరహా విండోలు పూర్తి స్థాయిలో రావడానికి 2025లో ఐప్యాడ్‌ఓఎస్ 26 దాకా ఆగాల్సొచ్చింది.

రెండూ ఒకే దాంట్లో ఉండాలన్న ఆశతో మైక్రోసాఫ్ట్ 2012లో సర్ఫేస్ ఆర్‌టీ తెచ్చింది. చూడటానికి విండోస్, కానీ మామూలు విండోస్ ప్రోగ్రాములు అందులో నడవవు. మిగిలిపోయిన సరుకు విలువ తగ్గించుకుంటూ 2013లో ఆ కంపెనీ 90 కోట్ల డాలర్ల నష్టం చూపించింది. తరవాత వచ్చిన సర్ఫేస్ ప్రో నిజమైన కంప్యూటరే, ధర కూడా మంచి లాప్‌టాప్ ధరే, కీబోర్డు మాత్రం ఇప్పటికీ విడిగా కొనాలి.

లాప్‌టాప్ పెట్టె మీది అంకెలు

హెచ్‌పీ మంచిదా, డెల్ మంచిదా, లెనోవోనా అని అడిగితే నికరమైన జవాబు లేదు. ప్రతి కంపెనీ రెండు వేర్వేరు లోకాలు నడుపుతుంది. ఒకటి ఆఫీసులకు టోకున అమ్మేది: లెనోవోలో థింక్‌ప్యాడ్, డెల్‌లో 2025 ముందు దాకా లాటిట్యూడ్, హెచ్‌పీలో ఎలైట్‌బుక్, ప్రోబుక్, ఏసర్‌లో ట్రావెల్‌మేట్, అసుస్‌లో ఎక్స్‌పర్ట్‌బుక్. రెండోది పండగ ఆఫర్లలో ఇళ్లకు అమ్మేది: లెనోవో ఐడియాప్యాడ్, 2025 ముందు దాకా డెల్ ఇన్‌స్పిరాన్, హెచ్‌పీ 15, అసుస్ వివోబుక్, ఏసర్ యాస్పైర్. ఒకే కంపెనీ ఐడియాప్యాడ్‌కీ థింక్‌ప్యాడ్‌కీ మధ్య ఉన్న తేడా, రెండు కంపెనీల ఐడియాప్యాడ్‌కీ ఇన్‌స్పిరాన్‌కీ మధ్య ఉండదు. అందుకే లోగో కన్నా మోడల్ నంబరు ఎక్కువ చెబుతుంది.

ప్రాసెసర్ పేరులోనే పెద్ద మాయ ఉంటుంది. ఏఎండీ రైజన్ 5 7520యూ, రైజన్ 5 7530యూ, వినడానికి అన్నదమ్ముల్లా ఉన్నాయి. ఇందులో మొదటి 7 అంటే 2023లో అమ్మకానికి వచ్చిన వరస. మూడో అంకె లోపలి డిజైన్ ఏ కాలందో చెబుతుంది. 2 ఉంటే జెన్ 2, అంటే 2019 నాటి డిజైన్, నాలుగే కోర్లు (ప్రాసెసర్‌లో పని చేసే విడి భాగాలు). 3 ఉంటే జెన్ 3, ఆరు కోర్లు. ఒక్క అంకె తేడాతో రెండు కోర్లు, ఒక తరం పోయాయి. పైగా 7520యూ ఉన్న యంత్రాల్లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచుకునే దారి లేదు. షాపులో రెండింటికీ ‘రైజన్ 5, ఏడువేల సిరీస్’ అనే చెబుతారు.

ఇంటెల్‌లో చివరి అక్షరం చూడాలి. ఐ5-1235యూలో పది కోర్లు, ఐ5-12450హెచ్‌లో ఎనిమిది. ఎక్కువ కోర్లున్న మొదటిదే వేగమనిపిస్తుంది. కానీ మొదటిదాంట్లో పెద్ద కోర్లు రెండే, మిగతా ఎనిమిదీ చిన్నవి, మొత్తం 15 వాట్లతో నడిచేలా చేసినది. రెండోదాంట్లో నాలుగు పెద్దవి, నాలుగు చిన్నవి, 45 వాట్లు. ఎడిటింగ్, కోడ్ కంపైల్ చేయడం లాంటి బరువైన పనికి రెండోది, బ్యాటరీ ఎక్కువసేపు రావాలంటే మొదటిది. ఐ3-ఎన్305 అని ఉంటే అందులో పెద్ద కోరు ఒక్కటీ లేదు, ఐ3 అన్న పేరు మాత్రమే మిగిలింది. సెలెరాన్ అనే చౌక ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ కలయికతో వచ్చే విండోస్ లాప్‌టాప్‌ను ఎంత చౌకగా ఇచ్చినా కొనకూడదు. విండోస్ 11కు పెద్ద అప్‌డేట్ వచ్చిన రోజు దాన్ని దింపుకోవడానికే అందులో ఖాళీ ఉండదు. ఆ డబ్బుకి టాబ్ కొనుక్కోవడం ఎంతో మేలు.

ర్యామ్ 8 జీబీ అని రాసి ఉన్నప్పుడు అది ఎలా ఉందో చూడాలి. షాపులో పెట్టిన యంత్రంలో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే కింద ‘స్లాట్స్ యూజ్డ్’, ‘ఫామ్ ఫ్యాక్టర్’ అనే రెండు వరసలు ఉంటాయి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర ‘సోడిమ్’ అని, స్లాట్లు రెండింటిలో ఒకటే వాడుతున్నట్టు ఉంటే ఇంకో కార్డు గుచ్చుకోవచ్చు. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే ర్యామ్ బోర్డుకే అతికించారని అర్థం. ఒకే కార్డుతో నడిచే యంత్రంలో మెమరీ దారి సగమే తెరుచుకుని ఉంటుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో బొమ్మ గీసేదీ ఆ మెమరీ నుంచే గనక, రెండో కార్డు వేయగానే ఆటల్లో, వీడియో ఎడిటింగ్‌లో తేడా కంటికి కనిపిస్తుంది. డీడీఆర్4 కార్డు డీడీఆర్5 స్లాటులో పట్టదు, కోత చోటే వేరు. ఏ మోడల్‌లో ఏది పడుతుందో లెనోవో పీఎస్‌ఆర్‌ఈఎఫ్ సైటులో, డెల్, హెచ్‌పీల సర్వీస్ మాన్యువళ్లలో ఉచితంగానే దొరుకుతుంది. యాభై వేలు పెట్టే ముందు పది నిమిషాలు అవి చూస్తే షాపువాడి మాట మీద ఆధారపడక్కర్లేదు.

స్క్రీన్ దగ్గరే కంపెనీలు ఎక్కువ కక్కుర్తి పడతాయి. ‘ఫుల్ హెచ్‌డీ, యాంటీ గ్లేర్’ అని మాత్రమే రాసి, ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగు మారని తెర రకం) అన్న మాట లేకపోతే అనుమానించాలి. 250 నిట్‌లు (వెలుగు కొలత), 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల పరిధి కొలత) అంటే ఎరుపు ఇటుకరంగులో కనిపించే తెర. టైపింగ్‌కి, లెక్కలకి పర్వాలేదు. ఫొటోలు దిద్దేవారు, శుభలేఖలు డిజైన్ చేసేవారు ఆ తెరను నమ్మి ప్రింటుకిస్తే అచ్చయి వచ్చాక గొడవ. వారికి 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (ఇదీ రంగుల పరిధి కొలతే), కనీసం 300 నిట్‌లు కావాలి.

చౌక లాప్‌టాప్‌లలో మూడో ఏడాది వచ్చే జబ్బు హింజ్, అంటే మూతను ఒంటికి కలిపే మడతబందు. ఉక్కు హింజ్‌ను మూత లోపల ప్లాస్టిక్‌లో పాతిన ఇత్తడి గింజలకు స్క్రూలతో బిగిస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ హింజ్ బిగుసుకుపోతుంది. ఒక మూల పట్టుకుని మూత తెరిచే అలవాటుంటే మెలి అంతా ఆ గింజల మీద పడి ప్లాస్టిక్‌లోంచి ఊడొస్తాయి. ముందు కిరకిర శబ్దం, తరవాత మూత అంచు తెరుచుకోవడం, అప్పటికీ వాడుతూ పోతే డిస్‌ప్లే కేబుల్ తెగడం. మొదటి శబ్దానికే రిపేరు షాపులో హింజ్ నట్టు పావు చుట్టు వదులు చేయిస్తే వందల్లో పోతుంది. ఆలస్యం చేస్తే ఎపాక్సీ అనే గట్టి జిగురు నింపాలి, లేదా షాపు భాషలో ‘ఏ ప్యానెల్’ అనే పై మూత మొత్తం మార్చాలి. ఈ జబ్బుకి కంపెనీ భేదం లేదు. లోహపు మూత ఉన్న ఆఫీసు మోడళ్లలో అరుదు.

చార్జరు పోయినప్పుడు కూడా తేడా తెలుస్తుంది. డెల్ సన్న పిన్ను మధ్యలో ఉండే సూది, చార్జరు ఎన్ని వాట్లదో లాప్‌టాప్‌కు చెబుతుంది. నకిలీ చార్జరు పెట్టినా, ఆ సూది వంగినా ‘అడాప్టరును గుర్తించలేదు’ అన్న సందేశం వచ్చి, యంత్రం నడుస్తుంది గానీ బ్యాటరీ ఎక్కదు, వేగమూ తగ్గుతుంది. యూఎస్‌బీ-సీతో చార్జయ్యే మోడల్ అయితే 65 వాట్ల పీడీ (పవర్ డెలివరీ) చార్జరు ఏ కంపెనీదైనా పనిచేస్తుంది, ఫోనుకీ టాబ్‌కీ కూడా అదే.

సర్వీసు గురించి ఒక్క మాట. బిల్లు మీద ఆన్‌సైట్ (ఇంటికొచ్చి బాగుచేయడం) అని ఉందా, క్యారీ-ఇన్ (మనమే సర్వీస్ సెంటరుకు మోసుకెళ్లడం) అని ఉందా చూడాలి. హైదరాబాద్‌లో ఉన్నవారికి రెండూ ఒకటే. ఉట్నూరులోనో నరసన్నపేటలోనో ఉన్నవారికి క్యారీ-ఇన్ అంటే ఒక రోజు ప్రయాణం.

మ్యాక్, స్నాప్‌డ్రాగన్

2020 చివర్లో ఎం1 చిప్ వచ్చాక మ్యాక్‌బుక్ ఎయిర్‌కు ఫ్యాన్ అవసరం పోయింది, బ్యాటరీ రోజంతా వస్తోంది. 2024 అక్టోబరు దాకా మ్యాక్‌బుక్ ఎయిర్‌ను 8 జీబీతో అమ్మిన యాపిల్, ఆ తరవాత దాని కనీస ర్యామ్‌ను 16కు పెంచింది. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు ఈ గీతకు అటూ ఇటూ చూసుకోవాలి, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రెండూ అతికించినవే గనక తరవాత పెంచడం కుదరదు. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక) కీబోర్డు మ్యాక్‌లోనే ఉంటుంది. విండోస్‌లో 2019 నుంచి ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ‘amma’ అని ఇంగ్లిష్‌లో కొడితే తెలుగులో పడే ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉచితంగా వస్తోంది.

మ్యాక్‌ను చార్జింగ్‌లో పెట్టి చెయ్యానిస్తే సన్నగా జిల్లుమంటుందని చాలామంది భయపడతారు. రెండు పిన్నుల చార్జరుకు ఎర్త్ ఉండదు, వడపోత కెపాసిటర్ల గుండా అతి తక్కువ కరెంటు లోహపు ఒంట్లోకి కారుతుంది. ప్రమాదం కాదు. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల పొడిగింపు తీగ వాడితే పోతుంది, ఇంటి సాకెట్‌లో ఎర్తింగ్ నిజంగా ఉంటే.

2024లో వచ్చిన, స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్ ఉన్న విండోస్ లాప్‌టాప్‌లు బ్యాటరీలో మ్యాక్‌తో పోటీపడతాయి. ఇంటెల్, ఏఎండీ చిప్‌ల కోసం రాసిన మామూలు విండోస్ ప్రోగ్రాములను అనువాదం చేసుకుని నడిపిస్తాయి కూడా. కానీ డ్రైవర్లకు ఆ అనువాదం పనిచేయదు. పైన చెప్పిన పాత ప్రింటరు, డిజిటల్ సంతకం టోకెన్, డాంగిల్‌తో (లైసెన్సు తాళంలా గుచ్చే యూఎస్‌బీ ముక్కతో) నడిచే సాఫ్ట్‌వేర్, ఇవన్నీ ఆ చిప్‌కు ప్రత్యేకంగా డ్రైవరు ఉంటే తప్ప కదలవు. ఆఫీసు పనికి కొనేవారు ఆ వస్తువులు షాపుకు తీసుకెళ్లి గుచ్చి చూశాకే డబ్బు కట్టాలి.

ఎండ, బ్యాటరీ

యాపిల్ చెప్పే వాడకపు ఉష్ణోగ్రత ఐప్యాడ్‌కైతే 0 నుంచి 35 డిగ్రీలు, మ్యాక్‌బుక్‌కైతే 10 నుంచి 35. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గదిలోనే ఆ 35 దాటుతుంది. ఫ్యాన్ లేని టాబ్ అప్పుడు స్క్రీన్ వెలుగు తగ్గించుకుంటుంది, చార్జింగ్ ఆపేస్తుంది. చెడిపోయిందని కంగారుపడక్కర్లేదు, కవరు తీసి గాలి తగిలేలా పెట్టాలి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు, లోపల చెమ్మ పడుతుంది. ఫ్యాన్ ఉన్న లాప్‌టాప్‌కు దుమ్ము శత్రువు. రెండేళ్లకోసారి అడుగు మూత విప్పి శుభ్రం చేయించాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను పుల్లతో ఆపి పట్టుకోవాలి, లేకపోతే అది అతివేగంగా తిరిగి బేరింగ్ పోతుంది.

షాపు కౌంటర్లలో బిల్లింగ్‌కు పెట్టే టాబ్‌లు పగలూ రాత్రీ చార్జరుకే ఉంటాయి. నిండా చార్జయి వేడిలో ఉన్న లిథియం బ్యాటరీ ఏడాది రెండేళ్లలో ఉబ్బి, స్క్రీన్ అంచు జిగురు వదిలి పైకి లేస్తుంది. లాప్‌టాప్‌లో అయితే టచ్‌ప్యాడ్ ఉబ్బెత్తుగా అవుతుంది. సెట్టింగుల్లో 80 శాతం దగ్గర ఆపే వీలుంటే పెట్టుకోవాలి. ఉబ్బాక మాత్రం చార్జింగ్ ఆపేసి, నొక్కకుండా, గుచ్చకుండా మార్పించడమే. లాప్‌టాప్‌లో నాలుగైదు స్క్రూలతో బ్యాటరీ బయటికొస్తుంది. టాబ్‌లో జిగురు వేడిచేసి స్క్రీన్ ఊడదీయాలి, ఆ పనిలో స్క్రీన్ పగిలే అవకాశమూ ఉంది.

పాతది కొంటే

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) లాంటి చోట్ల ఆఫీసుల నుంచి వచ్చిన థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు దొరుకుతాయి. కొత్త చౌక లాప్‌టాప్ కన్నా పాత ఆఫీసు మోడల్ కీబోర్డులో, గట్టితనంలో మెరుగే. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11కు ఇంటెల్‌లో అయితే కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్) ఉండాలి. అంతకన్నా పాతవి చౌకగా కనిపించడానికి కారణం ఇదే. మోడల్ పేరు చూసి నమ్మకూడదు, ప్రాసెసర్ నంబరు ఐ5-8250యూలా 8తో గానీ, ఆ తరవాతి తరాల అంకెలతో గానీ మొదలవ్వాలి.

టాబ్ అయితే డబ్బిచ్చే ముందు అమ్మేవారి చేతే ‘ఫైండ్ మై’ (పోయిన ఐప్యాడ్‌ను వెతికే, తాళం వేసే ఏర్పాటు) ఆపించి, ఖాతా తీయించి, పూర్తిగా రీసెట్ చేయించి మళ్లీ ఆన్ చేసి చూడాలి. సెట్టింగుల పైన ‘ఈ ఐప్యాడ్ ఫలానా సంస్థ పర్యవేక్షణలో ఉంది’ అన్న అర్థంలో ఇంగ్లిష్ వాక్యం కనిపిస్తే కొనకూడదు. స్కూళ్లు, కంపెనీలు ఇచ్చిన ఆండ్రాయిడ్ టాబ్‌లకూ ఇలాంటి తాళం ఉండొచ్చు, రీసెట్ చేసినా మళ్లీ పడుతుంది. థింక్‌ప్యాడ్‌లో బయోస్‌లోకి (యంత్రం ఆన్ కాగానే నడిచే మూల సెట్టింగుల్లోకి) వెళ్లి సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడుగుతోందేమో చూడాలి. అది తెలియకపోతే లెనోవో కూడా తీయదు, బోర్డు మార్చడమే దారి. థింక్‌ప్యాడ్ టీ480 కాలం నాటి మోడళ్లలో యూఎస్‌బీ-సీ పోర్టును నడిపే థండర్‌బోల్ట్ చిప్ లోపలి సాఫ్ట్‌వేర్‌కు (ఫర్మ్‌వేర్) ఒక లోపం ఉండేది, అప్‌డేట్ చేయనివాటిలో క్రమంగా యూఎస్‌బీ-సీ పోర్టు పనిచేయడం మానేస్తుంది. బయటికి తెచ్చే ముందు రెండు యూఎస్‌బీ-సీ రంధ్రాల్లోనూ చార్జరు గుచ్చి, పెన్‌డ్రైవ్ గుచ్చి చూసుకోవాలి.